ఆడేవాళ్లే కట్టుకున్న ఆట

2000 తర్వాత మన ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు ‘సీఎస్’ అంటే కంప్యూటర్ సైన్సు ఒక్కటే కాదు. రాత్రి మెస్సు మూశాక గదుల మధ్య కేబుళ్లు లాగి, తెల్లవారేదాకా ఆడిన కౌంటర్ స్ట్రైక్ కూడా. “మామా, లాంగ్‌లో ఇద్దరున్నారు!” “బాంబు బీలో పెట్టాడు, పరిగెత్తు!” అన్న కేకలు వరండా అంతా వినిపించేవి. జట్లుగా విడిపోయి ఆడే తుపాకీ ఆటలు ఈరోజు ఫోన్లలో కూడా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఒరవడి దిద్దిన ఈ ఆట, ఓ విశ్వవిద్యాలయ విద్యార్థి ఖాళీ వేళల్లో మొదలుపెట్టిన పని.

దీని మూలాలు 1970ల్లో ఉన్నాయి. అమెరికాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో కొందరు కుర్రాళ్లు మేజ్ వార్ అనే ఆట రాశారు. రెండు కంప్యూటర్లను తీగతో కలిపి, తెరమీది చిక్కుదారుల్లో ఒకరినొకరు వెతికి కాల్చుకోవడం అందులోని ఆట. ఎదుటివాడు యంత్రం కాదు, పక్క కుర్చీలోని మనిషే అన్న ఉత్సాహం అక్కడ పుట్టింది.

1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ అనే ఆట విడుదల చేసింది. నెట్‌వర్కు మీద నలుగురు ఆడుకోవచ్చు. ఒకరినొకరు చంపుకునే ఆ పోటీకి ఆ సంస్థ డిజైనర్ జాన్ రొమేరో పెట్టిన పేరు డెత్‌మ్యాచ్. ఆటలోని మ్యాపులను (ఆట జరిగే ప్రదేశాలను) మార్చుకునే వీలు కూడా ఆ సంస్థ ఆటగాళ్లకు ఇచ్చింది. 1996లో అదే సంస్థ నుంచి వచ్చిన క్వేక్‌తో ఆ వీలు ఇంకా పెరిగింది. ఇలా ఆటగాళ్లు సొంతంగా చేసుకునే మార్పులను మాడ్ అంటారు.

అదే ఏడాది ఆస్ట్రేలియాలో రాబిన్ వాకర్, జాన్ కుక్, ఇయాన్ కాగ్లీ కలిసి క్వేక్ మీద టీమ్ ఫోర్ట్రెస్ అనే మాడ్ చేశారు. అందులో ఒక్కొక్కరిది ఒక్కో పని. ఒకడు దూరం నుంచి గురిచూసి కొడతాడు, ఒకడు గాయపడ్డవాడికి వైద్యం చేస్తాడు. వైద్యుడు వెనకబడితే ముందు నడిచేవాడు కూలిపోతాడు. అందరూ వీరులే అయితే జట్టు ఓడుతుందన్న సంగతిని తుపాకీ ఆట అక్కడ నేర్చుకుంది.

1998 నవంబరులో వాల్వ్ సంస్థ, క్వేక్ సాంకేతికత మీదే కట్టిన మరో ఆట హాఫ్ లైఫ్‌ను తెచ్చింది. దాన్ని మార్చుకునే పనిముట్లను కూడా ఆటగాళ్లకు ఇచ్చింది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చదువుతున్న మిన్ లీ వాటిని అందిపుచ్చుకున్నాడు. వియత్నాం మూలాలున్న ఈ యువకుడిని ఆటగాళ్లు గూస్‌మన్ అన్న పేరుతో ఎరుగుదురు. అంతకుముందే క్వేక్ మీద నేవీ సీల్స్ అనే మాడ్ చేసి చెయ్యి తిరిగినవాడయ్యాడు. జెస్ క్లిఫ్ అనే మరో ఔత్సాహికుడు తోడయ్యాడు. 1999 జూన్ 19న కౌంటర్ స్ట్రైక్ తొలి బీటా (పరీక్షా వెర్షన్) ఉచితంగా బయటికొచ్చింది.

దీని గొప్పతనమంతా నియమాల్లో ఉంది. అప్పటి చాలా ఆటల్లో చచ్చినవాడు మరుక్షణం లేచి మళ్లీ పరిగెత్తేవాడు. ఇక్కడ ఆ రౌండు ముగిసేదాకా లేవడానికి లేదు. కబడ్డీలో ఔటైనవాడు గీత అవతల కూర్చుని మిగిలినవాళ్ల మీద ఆశలు పెట్టుకుంటాడు చూడండి, అలా చూస్తూ ఉండాల్సిందే. దాంతో ప్రాణానికి విలువ పెరిగింది. అడుగుల చప్పుడు వినిపిస్తే దొరికిపోతారు కాబట్టి నెమ్మదిగా నడవడం, మలుపు దగ్గర ఆగి చెవి రిక్కించడం అలవాటయ్యాయి. తుపాకులు మ్యాపులో పరిచి ఉండవు, కొనుక్కోవాలి. మొదట చేతిలో ఉండేది 800 డాలర్లు. గెలిస్తే ఎక్కువ వస్తుంది, ఓడితే తక్కువ. డబ్బు లేని రౌండులో అందరూ పిస్తోళ్లతో సరిపెట్టుకుని తర్వాతి రౌండుకు కూడబెట్టాలి. జట్టంతా ఒక్క మాట మీద ఉంటేనే అది కుదురుతుంది.

మొదట్లో బందీలను విడిపించడమే ఒక జట్టు లక్ష్యం. ఆ ఏడాది చివర్లో బాంబు వచ్చి చేరింది. ఒక జట్టు పెడుతుంది, రెండోది నిర్వీర్యం చేస్తుంది. దానికి 10 సెకన్లు పడుతుంది, అందుకు పనికొచ్చే కిట్ కొనుక్కుంటే 5. ఒక్కడే మిగిలి బాంబు మీదికి వంగినప్పుడు, చచ్చి చూస్తున్న నలుగురూ ఊపిరి బిగబట్టే క్షణం అక్కడ పుట్టింది.

మ్యాపుల్లో చాలా భాగం కూడా ఆటగాళ్లు గీసినవే. అందరికీ కంఠతా వచ్చిన డస్ట్, ఆ తర్వాత 2001లో వచ్చిన డస్ట్ 2 బ్రిటన్‌కు చెందిన డేవ్ జాన్‌స్టన్ అనే కుర్రాడి చేతి పని. ఆదరణ చూసిన వాల్వ్ ఆట హక్కులు కొని, మిన్ లీకి ఉద్యోగమిచ్చి, 2000 నవంబరులో దుకాణాల్లో పెట్టింది. 2003లో 1.6 వెర్షన్ వచ్చింది.

మన హాస్టళ్లలో, నెట్ సెంటర్లలో పాతుకుపోయింది ఆ 1.6. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అడగదు, మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా లాన్ (గదుల మధ్య లాగిన కేబుళ్ల నెట్‌వర్కు) ఉంటే చాలు. సీనియర్ అనీ జూనియర్ అనీ చూడకుండా, వేరు వేరు జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లను ఒక జట్టులో కూర్చోబెట్టిన ఘనత దానిది.

ఆ వంశం ఇంకా సాగుతోంది. 2012లో గ్లోబల్ అఫెన్సివ్, 2023లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చాయి. 2020లో రయట్ సంస్థ తెచ్చిన వాలరెంట్‌లోనూ ఐదుగురికి ఎదురుగా ఐదుగురే, పెట్టడానికో బాంబు, కొనుక్కోవడానికి తుపాకులు ఉన్నాయి. పోటీలూ పెద్దవయ్యాయి: 2013 చివర్లో స్వీడన్‌లో జరిగిన గ్లోబల్ అఫెన్సివ్ తొలి మేజర్ (అతి పెద్ద) టోర్నీ బహుమతి మొత్తం 2,50,000 డాలర్లు.

తెల్లవార్లూ ఆడితే చదువు, నిద్ర రెండూ పోతాయన్న పెద్దల బెంగలో నిజముంది, గంటలకు హద్దు ఉండాల్సిందే. కానీ ఈ చరిత్రలోని పేర్లు ఒకసారి చూడండి. వాకర్, మిన్ లీ, జాన్‌స్టన్ అందరూ ముందు ఆటగాళ్లే. ఆడుతూ ఆడుతూ ‘దీన్ని నేను మార్చగలనా’ అనుకున్నవాళ్లే. మ్యాపులు గీసే పనిముట్లు కౌంటర్ స్ట్రైక్ 2తో పాటు ఈరోజూ ఉచితంగానే వస్తున్నాయి. మీ ఇంట్లో ఈ ఆట ఆడే పిల్లవాడు ఉంటే, వాటిని ఒక్కసారి తెరిచి చూడమని చెప్పండి.