ఎడమ కాలువ వచ్చాక

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చెలకలు వరి మళ్లయ్యాయి. సూర్యాపేట వైపు మూసీ నీళ్లు పారాయి. జొన్న గట్క తిన్న ఇళ్లలో పండగనాటి తెల్లన్నం రోజూ వండటం మొదలైంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. మిల్లులో పాలిష్ పట్టేకొద్దీ బియ్యం తెల్లబడతాయి, పీచూ బి విటమిన్లూ తవుడుతో పోతాయి. ఆ తవుడు నుంచి తీసిన నూనెనే ఇప్పుడు గుండెకు మంచిదంటూ మనకే అమ్ముతున్నారు!

అలాగని మన ఊళ్లలో గుండెజబ్బుల నేరమంతా అన్నం మీద నెట్టడం నాకు నచ్చదు. అదే అన్నం తిని నాట్లేసి, కోసి, బస్తాలు మోసిన తరం ఉంది. ట్రాక్టరు, కోత మిషను, మోటారుసైకిలు వచ్చి ఒంటికి పని తగ్గింది, కంచంలో అన్నం తగ్గలేదు. బీడీ మానలేదు. బీపీ, షుగరు చెప్పి రావు. 52 దేశాల్లో జరిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో తేల్చింది కూడా ఇలాంటి తొమ్మిది అంశాల సంగతే: గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం వాటిదే.

నాళాల్లో కొవ్వు కాలువలో పూడికలా పేరుకుంటుందనుకుంటాం. నిజానికది మొదలయ్యేది పారే దారిలో కాదు, గట్టు లోపల. చెడు కొలెస్ట్రాల్ నాళం గోడలోకి దూరుతుంది. దాన్ని మింగిన తెల్లకణాలు ఉబ్బి అక్కడే చస్తాయి. ఏళ్ల తరబడి వాపు ముదిరి, ఓ రోజు పైపొర చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నిన్నటిదాకా పొలానికెళ్లిన మనిషి ఉన్నట్టుండి కూలబడేది అందుకే.

గోదావరి డెల్టాకు కాటన్ ఆనకట్ట 1852కే పూర్తయింది, మన ఎడమ కాలువకన్నా వందేళ్ల పైచిలుకు ముందు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో చావులకు కారణాలు ఆరా తీస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవేనని 2006లో వెల్లడైంది. ఎడమ కాలువ ఊళ్లు తమ ముందున్న దారిని అక్కడ చూసుకోవచ్చు.

తిండి ఎక్కువై వచ్చే జబ్బనుకుంటే మాత్రం సగమే తెలిసినట్టు. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెలను ఎంచుకుని, వాటిలో కొన్నింట గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు పోషకాహారం అందించారు. ఆ 29 పల్లెల పిల్లలు 13-18 ఏళ్లకు వచ్చాక పరీక్షిస్తే, ఆ అదనపు తిండి అందని పల్లెల పిల్లల నాళాలే ఎక్కువ బిరుసెక్కి ఉన్నాయి.