సిమెంటు సీమలో తీగలేని బర్మా

చంద్రపూర్ జిల్లాలోని కోర్పనా తాలూకాది సిమెంటు నేల. ఆవార్‌పూర్‌లో 1983లో లార్సన్ అండ్ టూబ్రో మొదలుపెట్టిన కర్మాగారం 2004లో అల్ట్రాటెక్ చేతిలోకి వచ్చింది. గడ్చందూర్‌లో మాణిక్‌గఢ్ సిమెంటు ఉంది. 1956 దాకా ఈ పల్లెలు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా రాజురా తాలూకాలో ఉండేవి కాబట్టి మరాఠీ, గోండీల పక్కన తెలుగూ వినిపిస్తుంది. గనిలో పేలుడు కోసం పెద్ద యంత్రాలు సున్నపురాయికి బెజ్జాలు వేస్తాయి. ఆ రాయే సిమెంటై, గోడై నిలబడ్డాక మళ్లీ దానికి బెజ్జం వేసేది మేస్త్రీ చేతిలోని డ్రిల్లు. కొత్త ఇంటికి కరెంటు మీటరు రాకముందే తలుపు చట్రాలు బిగించాలి గనుక, బ్యాటరీ డ్రిల్లు అతనికి నిజమైన అవసరం.

ఈ డ్రిల్లుకు పూర్వరూపం బర్మా. వడ్రంగి దానికి తాడు చుట్టి, విల్లును ముందుకూ వెనక్కూ లాగితే ములికి తిరిగేది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ల క్రితం చెకుముకి ములికితో మనుషుల పళ్లకు సైతం బెజ్జాలు వేశారని 2006లో వెల్లడైంది. కరెంటు డ్రిల్లుకు 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ పేటెంటు తీసుకున్నారు. 1895లో జర్మనీలోని ఫైన్ సోదరులు దాన్ని చేత్తో పట్టుకునేలా చేశారు. తుపాకీ లాంటి పిడి, వేలితో నొక్కే మీట 1917లో బ్లాక్ అండ్ డెక్కర్ పేటెంటుతో వచ్చాయి. తీగ తెంచిందీ ఆ కంపెనీయే: 1961లో నికెల్ కాడ్మియం బ్యాటరీతో.

ఆ అనుభవంతోనే చంద్రుడికి డ్రిల్లు తయారైంది. 1971లో అపోలో 15 యాత్రలో వ్యోమగామి డేవిడ్ స్కాట్ దానితో సుమారు 2.4 మీటర్ల లోతు మట్టి తీశాడు. లోపల ఇరుక్కున్న గొట్టాన్ని బయటికి లాగడానికి తోటి వ్యోమగామి ఇర్విన్ కూడా చెయ్యి వేయాల్సి వచ్చింది. చంద్రుడి మీదైనా సరే, తిప్పే బలం కంటే ముందు చూడాల్సింది ఎదుట ఉన్న పదార్థాన్నే.

డ్రిల్లు కొనేవాళ్లు చూపు తిప్పుకోవాల్సిందీ అటే. కానీ అట్ట మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వోల్టులు వేస్తారు, నిజానికి మనల్ని ఎక్కువ తికమక పెట్టే అంకె అదే. లిథియం సెల్లు ఒకటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది, ఐదు కలిస్తే 18. అవే ఐదు నిండా ఛార్జ్ అయినప్పుడు 21. అంటే 18 అని రాసినదీ, 21 అని రాసినదీ ఒకే ఐదు సెల్లుల బ్యాటరీ కావచ్చు. దాని అసలు నిల్వ తెలియాలంటే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించాలి: 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లైతే 36 వాట్ అవర్లు, 4 ఆంపియర్ అవర్లైతే 72. పని రెట్టింపు, బరువూ ఎక్కువే. బ్రష్‌లు లేని మోటారైతే అదే ఛార్జింగ్‌తో ఇంకాస్త ఎక్కువసేపు నడుస్తుంది.

తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. గేరు 1లో బలం ఎక్కువ, వేగం తక్కువ: స్క్రూలకు, పెద్ద బెజ్జాలకు. గేరు 2 సన్నటి బెజ్జాలకు. మెడ దగ్గర తిరిగే అంకెల వలయం క్లచ్. స్క్రూ బిగియగానే అది జారి, తల అరిగిపోకుండా కాపాడుతుంది. చిన్న అంకెతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం మంచి అలవాటు.

గోడ దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. సాధారణ హ్యామర్ డ్రిల్లులో పళ్లున్న రెండు చక్రాలు ఒరుసుకుని దెబ్బలు పుడతాయి, వాటి జోరు మనం నెట్టే నెట్టుడు మీద ఆధారపడుతుంది. ఇటుక గోడకు అది చాలు. స్లాబుకు, పిల్లరుకు రోటరీ హ్యామరే కావాలి. అందులో గాలి ఒత్తిడితో పిస్టన్ కొడుతుంది, చేతులకు శ్రమ తగ్గుతుంది. దాని ములికి బిగించే ఎస్‌డీఎస్ పద్ధతిని బాష్ 1975లో తెచ్చింది. లోపల ఇనుప ఊచ తగిలితే మొండిగా నొక్కకండి. గోడ ములికికి ఉక్కు తెగదు, బెజ్జం చోటు మార్చడమే దారి. చెక్కకు, రేకుకు హ్యామర్ ఆపేయాలి.

చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చాలా కంపెనీలు లిథియం బ్యాటరీని 40 డిగ్రీల లోపే ఛార్జ్ చేయమంటాయి. కనుక మధ్యాహ్నం రేకుల షెడ్డులో కాకుండా, పని ఆపి బ్యాటరీ చల్లారాక, రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవాలి.