గణకయంత్రపు స్మృతిలో జోనులు



మన నెమలి, తిరువూరు ప్రాంతముల పెద్దలకు ‘జోను’ అను మాట క్రొత్తది కాదు. నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద ఈ సీమ ఆయకట్టు మూడవ జోనుగా లెక్కింపబడుచున్నది. ఎగువవారు తమ వంతునకు మించి నీరు తీసికొన్నచో దిగువమడి యెండును. గణకయంత్రమునందును ఇట్టి జోనులు కలవు, ఇట్టి తగవు కలదు. ఆ తగవును తీర్చు విధానము ఎట్లు ఏర్పడినదో నేడు మనవి చేసెదను.

యంత్రము పనిచేయుచుండగా విషయములను నిలుపుకొనుటకు మెమరీ యను స్మృతిస్థలము వలయును. అది వరుసగా కట్టిన యిండ్ల వంటిది. ప్రతి యింటికిని ఒక సంఖ్య యుండును. అడిగినవారికి ఆ యిండ్లను పంచి, పని తీరగానే తిరిగి తీసికొను అధికారికి కెర్నెలు అని పేరు. మన పూర్వపు గ్రామములలో కరణము భూముల లెక్క చూచినట్లు, ఇది స్మృతి లెక్క చూచును.

యింటి సంఖ్యను తెలుపుటకు తీగలు కలవు. ఒక్కొక్క తీగ చేరినకొలది చేరదగిన యిండ్లు రెట్టింపగును. 1967లో హైదరాబాదున నెలకొన్న ఈ.సి.ఐ.ఎల్. సంస్థ నిర్మించిన టి.డి.సి.-12 యంత్రపు పదమునకు 12 అంకెలే. అందు ఇమిడెడి వేర్వేరు సంఖ్యలు 4096. 1981లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన చిన్న యంత్రమునకు తీగలు 20, యిండ్లు 10,48,576. 1984 నాటి ఏ.టి. నమూనాకు తీగలు 24, యిండ్లు 1,67,77,216. అనగా 16 మెగాబైట్లు.

1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను కెర్నెలును వ్రాయ నారంభించెను. అప్పటికి ముఖ్యయంత్రపు తీగలు 32 అయినవి. యిండ్లు 429 కోట్లు దాటినవి. కాని ఫ్లాపీ బిళ్లలను చదువు పరికరము మొదలగు పాతవానికి 24 తీగలే నిలిచినవి. అవి ముఖ్యయంత్రమును శ్రమపెట్టక తామే స్మృతిలో వ్రాయగలవు గాని, మొదటి 16 మెగాబైట్లు దాటి వాని చేయి సాగదు. అందుచే కెర్నెలు ఆ భాగమును డి.ఎం.ఏ. జోను అని వేరుచేసెను. మిగిలినది సాధారణ జోను.

పిమ్మట స్మృతి విరివిగా పెరిగి, 32 తీగల యంత్రములలో కెర్నెలు నేరుగా చూడగలిగినది 896 మెగాబైట్లే యైనది. దానిపై భాగము హైమెమ్ అను మూడవ జోనయ్యెను. 2003 నుండి 64 అంకెల యంత్రములు వ్యాపింపగా వానికి ఆ జోనుతో పని తీరెను. అయినను 32 తీగల పరికరములు మిగిలియుండుటచే, 2006 జనవరిలో వెలువడిన లినక్సు 2.6.15లో మొదటి 4 గిగాబైట్లకు మరియొక జోను చేరెను. 2019లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 4 అను చిన్న యంత్రమునందలి కొన్ని పరికరములకు మొదటి గిగాబైటే అందును. దానికై హద్దు మరల మార్చవలసివచ్చెను. యంత్రము మారినకొలది గట్లు జరిగినవే గాని, గట్టు వేయు ధర్మము మారలేదు.

ఆ ధర్మమేది? పై జోను నిండినపుడు అచ్చటివారు క్రింది జోనులోనికి దిగవచ్చును. క్రిందివారు పైకి పోజాలరు. కావున ఎచ్చటనైనను ఉండగలవారు క్రింది స్థలమునంతయు ఆక్రమించినచో, అచ్చటనే యుండవలసినవారికి చోటు దొరకదు; పైన వేలకొలది యిండ్లు ఖాళీగా నున్నను ఆ పరికరపు పని ఆగును. ఇందులకై కెర్నెలు ప్రతి క్రింది జోనులోను కొంత స్థలమును పైవారి కీయక నిలువచేయును.

మన మనుమల చేతనున్న ఆండ్రాయిడు ఫోనులలో పనిచేయునది లినక్సు కెర్నెలే. శక్తిగలవాడు ఎచ్చటనైనను బ్రతుకగలడు. ఒక్కచోటనే బ్రతుకగలవానికి ఆ చోటు మిగుల్చుటయే పంపకము. కాలువ చివరి మడిగల రైతునకు ఈ మాట వేరుగా వివరింప బనిలేదు.