ఆశా సంస్థ (ఢిల్లీ)

ఢిల్లీ మురికివాడల్లో బస్తీవాసులతో, ముఖ్యంగా మహిళలతో చేతులు కలిపి ఆరోగ్యం, నివాసం, చదువు మెరుగుపరచడానికి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ. పూర్తి పేరు ఆశా కమ్యూనిటీ హెల్త్ అండ్ డెవలప్‌మెంట్ సొసైటీ. 1988లో దక్షిణ ఢిల్లీలోని ఒక బస్తీలో కలరా ప్రబలినప్పుడు, పిల్లల వైద్యురాలు డాక్టర్ కిరణ్ మార్టిన్ చెట్టు కింద బల్ల వేసుకుని రోగులను చూడటంతో ఇది మొదలైంది.

కలరా మందులతో తగ్గుతుంది. తాగే నీటిలో మురుగు కలుస్తూనే ఉంటే మళ్లీ వస్తుంది. అందుకే సంస్థ వైద్యం దగ్గరే ఆగలేదు. బస్తీ మహిళలకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసింది. గర్భిణులను కనిపెట్టుకోవడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం, విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టించడం, క్షయ రోగులు మధ్యలో మందులు మానకుండా చూడటం వీరి పని. ఆసుపత్రి గడప తొక్కడానికి జంకే తల్లి కూడా పక్కింటావిడ మాట వింటుంది. ఈ పద్ధతికి అసలు బలం అదే.

బస్తీ మహిళల సంఘాలైన మహిళా మండళ్ల పాత్ర ఇంకా పెద్దది. కుళాయిలు, మరుగుదొడ్లు, మురుగుకాల్వల కోసం సభ్యులు అధికారుల వద్దకు స్వయంగా వెళ్లి అడుగుతారు. ఏక్తా విహార్ అనే బస్తీలో ఆశా నగరపాలక సంస్థ మురికివాడల విభాగంతో కలిసి పనిచేయడంతో, బస్తీని ఖాళీ చేయించకుండా అక్కడే ఇళ్లు కట్టుకునే ఏర్పాటు సాధ్యమైంది. తర్వాతి కాలంలో బస్తీ పిల్లలను ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలకు పంపే కార్యక్రమం చేపట్టారు.

కిరణ్ మార్టిన్‌కు 2002లో పద్మశ్రీ లభించింది.