పాస్‌వర్డు కథ

తలుపునకు తాళము వేయుటను మానవుడు ఎన్నడు నేర్చెనో చెప్పజాలము. కంప్యూటరునకు తాళము పడిన చోటు మాత్రము మనకు తెలియును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1961 నవంబరులో ఒక నూతనమైన ఏర్పాటును ప్రదర్శించెను. అంతవరకు ఒకరి పని ముగిసిన పిదపనే యంత్రము మరియొకరి పనిని చేపట్టుచుండెను. కోర్బాటో పద్ధతిలో పలువురు వేరువేరు టైపు యంత్రముల యెదుట కూర్చుండి, ఒకే కంప్యూటరును ఏకకాలమున వాడుకొనవచ్చును. ఒకే ఇంట పలువురు కాపురమున్నప్పుడు ఎవరి పెట్టె వారికి ఉండవలెను గదా! ఆ పెట్టెకు వేసిన తాళమే పాస్‌వర్డు.

ఇది దొంగలకై వేసిన తాళము కాదు. ఇరుగుపొరుగువారి కాగితములు కలిసిపోకుండుటకు వేసినది. అందుచేతనే కాబోలు, అందరి పాస్‌వర్డులను ఒకే ఫైలులో, చదువదగిన అక్షరములతోనే వ్రాసి యుంచిరి.

ఫలితము కనిపించుటకు ఎంతో కాలము పట్టలేదు. ఆలన్ షేర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటలే యంత్రమును వాడుకొను వ్యవధి యుండెను. అది అతనికి చాలలేదు. ఏదేని ఫైలును అచ్చు తీయవలెనన్నచో దాని పేరును రంధ్రముల కార్డుపై గుర్తించి ఇచ్చిన చాలునని అతడు కనిపెట్టెను. 1962లో ఒక శుక్రవారము రాత్రి పాస్‌వర్డుల ఫైలు పేరు వ్రాసి కార్డు నిచ్చెను. శనివారము ఉదయము పోయి కాగితములు తెచ్చుకొనెను. అనేక సంవత్సరముల తరువాత ఈ సంగతిని తానే చెప్పుకొనెను. కంప్యూటరు చరిత్రలో మనకు తెలిసిన మొదటి పాస్‌వర్డు చౌర్యమునకు కారణము గూఢచర్యమును కాదు, ధనాశయును కాదు. ఒక విద్యార్థికి పరిశోధన సాగకపోవుట!

అదే యంత్రముపై మరియొక వింత జరిగినది. ఒకరు నాటి ప్రకటనను దిద్దుచుండగా, వేరొకరు అదే సమయమున పాస్‌వర్డుల ఫైలును దిద్దిరి. తాత్కాలికపు ప్రతులు రెంటికిని ఒకే పేరుండుటచే అవి తారుమారైనవి. ఆనాడు యంత్రమును తెరచిన ప్రతివానికిని ప్రకటనకు మారుగా అందరి పాస్‌వర్డులును దర్శనమిచ్చెను.

పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచుటయే తప్పని దీనివలన తేలినది. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధమ్ ఆ దశకముననే దీనికి ఉపాయము చూపెను. పాలను తోడుపెట్టి పెరుగు చేయవచ్చును గాని, పెరుగును మరల పాలు చేయజాలము. అట్టి గణితముతో పాస్‌వర్డును మార్చి, ఆ మారిన రూపమునే దాచవలెను. ఫైలు దొంగచేతిలో పడినను అసలు పదము వానికి దక్కదు. బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ దీనికి మరియొక జాగ్రత్తను చేర్చిరి. మార్చుటకు ముందు ప్రతి పదమునకును ఒక యాదృచ్ఛిక సంఖ్యను కలిపిరి. దానికి ఉప్పు అనియే పేరు. ఆ ఉప్పుకు 4,096 రకములుండుటచే, ఇద్దరు ఒకే పదమును ఎన్నుకొన్నను దాచిన రూపములు సాధారణముగా వేరగును.

వారు 1979లో ప్రకటించిన వ్యాసములో మనలను గూర్చిన సంగతియు నొకటి కలదు. జనులు స్వయముగా ఎన్నుకొన్న 3,289 పాస్‌వర్డులను పరిశీలింపగా 15 ఒకే అక్షరము గలవి, 72 రెండక్షరములవి. నిఘంటువులలో దొరకునవి, మిక్కిలి పొట్టివి అన్నియు కలుపగా నూటికి 86 సులభముగా ఊహింపదగినవే! తాళము ఎంత గట్టిదైననేమి, చెవి గడపమీదనే యున్నది. ముప్పది సంవత్సరముల తరువాత, 2009లో, రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడినప్పుడు అన్నిటికంటె ఎక్కువగా కనబడినది 123456. ఆ సంస్థ వాటిని చదువదగిన అక్షరములతోనే దాచియుంచెను. షేర్ కాలమునాటి పొరపాటే!

ఇక్కడ నొక విధివిలాసము చెప్పక తప్పదు. 1988 నవంబరులో ఇంటర్నెట్టుపై వేల కంప్యూటర్లను స్తంభింపజేసిన పురుగువంటి ప్రోగ్రాము తనలో 432 మాటల పట్టికను పెట్టుకొని, వాటితో పాస్‌వర్డులను ఊహించుచు పోయెను. దానిని వ్రాసిన విద్యార్థి ఆ రాబర్ట్ మోరిస్ కుమారుడే.

ఇక మనకందరకును పరిచితమైన నియమములు: పెద్దయక్షరము, అంకె, చిహ్నము ఉండవలెను, కొన్ని మాసములకొకసారి మార్చవలెను. ఇవి ప్రసిద్ధికి వచ్చినది అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థలో బిల్ బర్ అను ఉద్యోగి 2003లో వ్రాసిన సూచనలవలన. ఆయనకు నిజమైన పాస్‌వర్డులను పరిశీలించు అవకాశము దొరకలేదు. 1980లనాటి ఒక పాత పత్రమే ఆధారమైనది. లోకమంతయు దానిని వేదవాక్కుగా గైకొనెను. నేనెరిగిన ఒక కార్యాలయమున ఈ నియమముల ఫలితముగా ప్రతి తెరకును ఒక చీటీ అంటించియుండుటయు, దానిపై ఊరి పేరు, దాని చివర నెల సంఖ్య వ్రాసియుండుటయు కన్నులార చూచితిని. 2010లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, పాత పాస్‌వర్డు తెలిసినచో నూటికి పదిహేడు ఖాతాల క్రొత్త పాస్‌వర్డును అయిదు ప్రయత్నములలోపుననే ఊహింపవచ్చునని చూపిరి. చివరకు 2017లో ఆ ప్రమాణముల సంస్థయే నియమములను తిరగవ్రాసెను: కారణము లేక మార్పింపవలదు, చిహ్నములకై నిర్బంధింపవలదు, పొడవైన వాటిని అంగీకరింపవలెను. ఆ సంవత్సరముననే బర్ తాను చేసినదానికి చింతించుచున్నానని పత్రికవారితో ఒప్పుకొనెను. ఆ నిజాయితీ మెచ్చదగినది. కాని పదునాలుగేండ్లు జనులు పడిన అవస్థ ఎవరి ఖాతాలో వ్రాయవలెను?

పొడవునకు ఇంత బలమెందుకనగా, ఇంగ్లీషు చిన్నయక్షరములతో కూడిన ఎనిమిదక్షరముల పాస్‌వర్డునకు మరి నాలుగు చేర్చినచో, ఊహింపవలసిన అవకాశములు 4,56,976 రెట్లగును. గానుగ, లాంతరు, నెమలి, పిడత అని పొంతనలేని నాలుగు మాటలు వరుసగా కూర్చుకొన్నచో జ్ఞాపకముంచుకొనుట తేలిక, ఊహించుట కష్టము. (ఇవి ప్రసారమైపోయినవి గనుక శ్రోతలు వేరే మాటలు చూచుకొందురు గాక!) మాటలను మనస్సునకు తోచినట్లు గాక, పుస్తకమును ఎక్కడనో తెరచి ఏరుకొనుట మేలు. ఒక ఖాతాకు వాడినదానిని మరియొక దానికి వాడరాదు. అందులోను ఈమెయిలుది ప్రత్యేకముగా నుండవలెను. తక్కిన ఖాతాలలో పలువాటి పాస్‌వర్డు మరచినప్పుడు క్రొత్తదానికి దారి అచ్చటికే వచ్చును. మన దేశమున రిజర్వు బ్యాంకు ఆదేశముచే 2009 ఆగస్టునుండి ఇంటర్నెట్టుపై కార్డుతో చెల్లించుటకు రెండవ నిర్ధారణ అవసరమైనది. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. ఆ కోవలోనిదే. దానిని ఫోనులో అడిగినవారికి చదివి వినిపించుట, ఇంటి తాళపుచెవిని వీధిలో పోవువాని చేతికిచ్చుటయే.

ఖాతాలు డజన్లకొలది యున్నప్పుడు జ్ఞాపకము చాలదు. పాస్‌వర్డులను భద్రపరచు ప్రోగ్రాములు ఇప్పుడు కలవు. అవి చేతకానివారు ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో దాచుకొన్నను తప్పులేదని నా అభిప్రాయము. ఇందుకు సిగ్గుపడనవసరములేదు. 2019లో కీర్తిశేషుడైన కోర్బాటో, ఈ తాళమును మొదట వేయించినవాడు, అంతకు అయిదేండ్ల ముందు పత్రికవారితో మాటలాడుచు, తనకు నూటయేబదివరకు పాస్‌వర్డులున్నవనియు, వాటిని టైపుచేసిన మూడు కాగితములలో దాచుకొనుచున్నాననియు చెప్పెను.