తెలుగు తెర మీద వైకల్యం

వైకల్యమున్న పాత్ర తెలుగు సినిమాకు పురాణాల నుంచే సంక్రమించింది. ధృతరాష్ట్రుడు పుట్టుగుడ్డి కావడానికి తల్లి అంబిక కళ్లు మూసుకోవడం కారణం. అష్టావక్రుడి వంకరలకు తండ్రి శాపం కారణం. శరీరంలో లోపం ఉంటే వెనక ఎవరిదో తప్పు ఉండి తీరాలన్న ఈ లెక్క సాంఘిక చిత్రాల్లోకీ వచ్చింది. అక్కడ చూపు పోతే పాపఫలం, తిరిగొస్తే పుణ్యఫలం.

దుర్మార్గుణ్ణి శరీరంతోనే గుర్తు పట్టించే అలవాటూ దీనికి తోడైంది. శకుని కుంటివాడని వ్యాసభారతంలో ఎక్కడా లేదు. 1988లో దూరదర్శన్‌లో మొదలైన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో గూఫీ పేంటల్ కుంటుతూ నడిచాక చాలామంది శకునిని అలాగే ఊహించుకుంటున్నారు. ఇక హాస్యం సంగతి చెప్పనక్కర్లేదు. నత్తి, చెముడు, మెల్లకన్ను, పొట్టితనం దశాబ్దాల పాటు చవగ్గా దొరికిన నవ్వులు.

దిశ మార్చినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది కె. విశ్వనాథ్‌ని. ‘సిరిసిరిమువ్వ’ (1976)లో జయప్రద పోషించిన హైమ మూగపిల్ల. అయినా ప్రేక్షకుడికి గుర్తుండేది ఆమె నాట్యమే. జాలి పూర్తిగా పోలేదు గానీ, పాత్రకు తనదంటూ ఒక విద్య, ఒక కోరిక వచ్చాయి.

సింగీతం శ్రీనివాసరావు మరో అడుగు ముందుకేశారు. ‘అమావాస్య చంద్రుడు’ (1981)లో కమల్‌హాసన్ అంధుడైన వయొలిన్ విద్వాంసుడు. అతను ప్రేమిస్తాడు, ప్రేమ కోసం పెద్దల్ని ఎదిరిస్తాడు. ముగింపులో చూపు రావడమనే పాత మలుపు ఇందులో లేదు. 

ఆ దర్శకుడే తీసిన ‘మయూరి’ (1985) ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు. నర్తకి సుధాచంద్రన్ 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నారు. జైపూర్ కాలు అమర్చుకుని మళ్లీ వేదికెక్కారు. వైద్యుడు పి.కె. సేఠీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి తయారుచేసిన ఈ కాలికి బూటు అక్కర్లేదు. చెప్పుల్లేకుండా నడవడానికి, గొంతుకూర్చోవడానికి వీలుగా పాదం వంగుతుంది. వట్టి పాదాలతో ఆడే భరతనాట్యానికి అది కలిసొచ్చింది. ఆమె జీవితమే కథ అయిన ఈ సినిమాలో ఆ పాత్రను ఆమే పోషించారు. కృత్రిమ పాదం బరువు, దానితో వేసే అడుగు నటనతో తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేకపోయింది. ఆమెకు జాతీయ పురస్కారాల్లో జ్యూరీ ప్రత్యేక అవార్డు దక్కింది. ‘నాచే మయూరి’ (1986) పేరుతో సినిమా హిందీలోకీ వెళ్లింది.

1986లో విశ్వనాథ్ నుంచి రెండు సినిమాలు వచ్చాయి, రెండూ రెండు దారులు. ‘స్వాతిముత్యం’లో శివయ్య బుద్ధి ఎదగని మనిషి. అతణ్ణి కల్మషం ఎరగని పుణ్యాత్ముడిగా చూపడం పాత్రను ప్రేమించదగ్గదిగా చేసింది గానీ, కోపతాపాలున్న మామూలు మనిషి కాకుండా కూడా చేసింది. ‘సిరివెన్నెల’ ఆలోచన ఇంకా లోతైనది. నాయకుడు చూడలేని వేణుగాన విద్వాంసుడు, నాయిక మాట్లాడలేని చిత్రకారిణి. ఆమె బొమ్మ అతనికి కనబడదు, మాటగా చెబుదామంటే ఆమెకు గొంతు లేదు. ఇద్దరి మధ్య భావం ఎలా చేరాలన్నదే కథకు ఇరుసు. ఇక్కడ వైకల్యం జాలి కోసం అతికించింది కాదు, తీసేస్తే కథే ఉండదు.

ఆ తర్వాత చెప్పుకోదగ్గవి మళ్లీ చాలా ఏళ్లకు గానీ రాలేదు. ‘ఊపిరి’ (2016)లో నాగార్జున మెడ కింద చలనం లేని కోటీశ్వరుడు. ఫ్రెంచి సినిమా ఆధారంగా వచ్చిన ఈ కథ జాలి పడని సేవకుడి చుట్టూ తిరుగుతుంది. మరుసటేడు వచ్చిన ‘రాజా ది గ్రేట్’ అంధుడైన నాయకుడితో నవ్వులు పండించి, రౌడీలను చిత్తు చేయించింది. సుకుమార్ ‘రంగస్థలం’ (2018)లో చిట్టిబాబుకు చెముడు. అతణ్ణి ‘సౌండ్ ఇంజనీర్’ అని ఊరు ఆటపట్టిస్తుంది, అతనూ తన రోషం చూపిస్తాడు. వినికిడి లోపమున్న మనిషిని మీసం మెలేసే మాస్ హీరోగా నిలబెట్టడం అంతకు ముందు ఊహకందనిది.

చట్టం నడక కూడా ఈ కాలానిదే. వైకల్యమున్నవారి కోసం తెచ్చిన 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21కి పెంచింది. 2024 జూలై 8న సుప్రీంకోర్టు ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ సినిమా కేసులో దృశ్య మాధ్యమాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వైకల్యం గురించి తెలియజెప్పే హాస్యం వేరు, వైకల్యమున్నవారిని కించపరిచే హాస్యం వేరని తేల్చింది. అంధులు ఎదురొచ్చిన ప్రతిదాన్నీ గుద్దుకుంటారన్నట్టు చూపడం ఎంత తప్పో, అతీత శక్తులున్నవారిగా చూపడమూ అంతే తప్పంది. ఈ రెండో మాట తెలుగు మాస్ సినిమాలకు సూటిగా తగులుతుంది.

వైకల్యమున్నవారి గురించిన ఏ నిర్ణయమైనా వారు లేకుండా జరగకూడదన్నది ఆ తీర్పులోని మరో సూత్రం. తెలుగు సినిమా ఇంకా అందుకోని మెట్టు ఇదే. పైన చెప్పుకున్న ప్రధాన పాత్రల్లో, పాత్రకున్న వైకల్యమే తనకూ ఉండి నటించింది సుధాచంద్రన్ ఒక్కరే.