విజయవాడ రోడ్డు మీద వేగానికి తాళం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట, ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా పోయే రోడ్డు చాలా పాతది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు ఈ దిక్కుగానే వెళ్ళేది. కుతుబ్‌షాహీల ఆడపడుచు హయాత్ బక్షీ బేగం పేరున వెలసిన హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన సత్రం గదులు ఇప్పటికీ ఉన్నాయి. బండి ఎద్దు ఎంత నడిస్తే అంతే ప్రయాణం సాగిన రోజుల్లో వేగానికి హద్దు పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఇవాళ అదే దారిలో, గంట కూడా పట్టని ప్రయాణంలో, ఒక కారు మూడు రకాల వేగాలను దాటుతుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర మనుషుల మధ్య నుంచి పాకుతుంది. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కగానే రోడ్డు ఖాళీగా కనబడి కాలు దానంతటదే ఆక్సిలరేటర్‌ను నొక్కుతుంది. పెద్ద అంబర్‌పేట చేరితే ఒకవైపు ఔటర్ రింగ్ రోడ్డు, మరోవైపు విజయవాడ హైవే. కారు మారలేదు, నడిపే మనిషీ మారలేదు. ఎక్కడ ఎంత వేగంగా పోవచ్చో ఎవరు తేల్చాలి? ఆ మనిషా, బండిలోని యంత్రమా, చట్టమా, రోడ్డా? వేగాన్ని ఒక హద్దు దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

గవర్నర్ పుట్టింది ప్రాణాలు కాపాడడానికి కాదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లు తిరిగే పరికరాన్ని బిగించాడు. యంత్రం వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుని ఆవిరిని తగ్గిస్తాయి, వేగం తగ్గితే దగ్గరికి వచ్చి ఆవిరిని పెంచుతాయి. మిల్లు ఒకే తీరుగా నడవాలన్నదే దాని ఉద్దేశం. మనుషుల ప్రాణాల కోసం దాన్ని కార్లలో పెట్టాలని జనం అడిగింది 1923లో, అమెరికాలోని సిన్సినాటి నగరంలో. ఊళ్ళో నడిచే ప్రతి కారుకూ గంటకు 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు దాటకుండా యంత్రంతోనే తాళం వేయాలని 42,000 మంది సంతకాలు చేశారు. కార్ల వ్యాపారులు ఏకమై ప్రచారానికి దిగారు, ఓటింగులో ప్రతిపాదన ఓడిపోయింది. నా దృష్టిలో రోడ్డు భద్రత చరిత్రలో ఇంత ఖరీదైన ఓటమి మరొకటి లేదు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి తప్పు ఎప్పుడూ నడిపేవాడిదో నడిచేవాడిదో అయింది. కారు ఎంత వేగంగా పోగలగాలి అన్న ప్రశ్న తయారీదారు ఇష్టానికి వదిలేసినట్టయింది.

మన దగ్గర తాళం సొంత కార్లకు పడలేదు, బస్సులకు పడింది. నిజాం రాజ్యంలో రైలు, రోడ్డు రవాణా శాఖ 1932 జూన్ 15న 27 బస్సులతో మొదలైంది. ఆ వారసత్వమే 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయింది. 1951లో మైకో కంపెనీ వచ్చాక డీజిల్ ఇంజెక్షన్ పంపులు మన దేశంలోనే తయారు కాసాగాయి. వేగానికి కీలు ఆ పంపులోనే ఉండేది. పంపు లోపల వాట్ గుండ్లకు చిన్న తమ్ముళ్ళలాంటి బరువులు తిరుగుతుంటాయి. ఇంజిన్ నిర్ణయించిన చుట్లు దాటబోతే అవి విచ్చుకుని, లోపలి కడ్డీని వెనక్కి జరిపి డీజిల్ తగ్గిస్తాయి. ఆ హద్దును ఒక స్క్రూతో సరిచేసి, తీగ చుట్టి, సీసంతో సీలు వేస్తారు. డ్రైవర్ పెడల్‌ను నేలకంటా తొక్కినా అంతకు మించి డీజిల్ రాదు. డ్రైవర్ల మాటల్లో అదే ‘స్పీడ్ లాక్’.

ఆర్టీసీ ఈ తాళాన్ని పట్టుకుని ఉండడానికి ప్రాణాల మీద ప్రేమ ఎంత కారణమో డీజిల్ లెక్క కూడా అంతే కారణమని నా నమ్మకం. ఏ డ్రైవర్ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది డిపోల్లో ఇప్పటికీ పెద్ద విషయం. వేగం తగ్గితే డీజిల్, టైరు, బ్రేక్ లైనర్ అన్నీ మిగులుతాయి. భద్రత ఒక్కదాని పేరు మీద పెట్టిన నియమం సడలిపోయేదేమో. పొదుపు కూడా తోడైంది గనుక నిలిచింది. దాన్ని నిలబెట్టిన వాళ్ళు గ్యారేజీల్లో చేతులకు గ్రీజు అంటించుకున్న మెకానిక్‌లు. వాళ్ళ పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండవు. ఎల్బీ నగర్ కూడలిలో రాత్రిపూట జనాన్ని ఎక్కించుకుని కోస్తా వైపు పరుగెత్తే ప్రైవేటు బస్సుల మీద అలాంటి డిపో క్రమశిక్షణ ఉండేది కాదు. వాటికి తెల్లారేలోపు ఊరు చేరడమే లెక్క.

చట్టం నెమ్మదిగా వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్‌లో వేగ పరిమితుల అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. 1989 కేంద్ర నియమాల్లోని 118వ నియమం స్పీడ్ గవర్నర్ గురించి మాట్లాడినా, ఏ బండికి బిగించాలన్నది రాష్ట్రాలకు వదిలింది. 1997 నవంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ వరకు గట్టిగా మాట్లాడి, భారీ, మధ్యరకం రవాణా వాహనాలు 40 దాటకుండా పరికరం పెట్టమంది. దేశం మొత్తానికి ఒకే మాట రావడానికి మాత్రం ఇంకా పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఈలోగా రోడ్డు మారిపోయింది. మల్కాపురం నుంచి నందిగామ దాకా 181 కిలోమీటర్ల నాలుగు వరుసల హైవే 2012 చివరికి సిద్ధమైంది. ఎదురుగా వచ్చే లారీకి భయపడి తగ్గించుకునే వేగం, మధ్యలో డివైడర్ రాగానే ఒక్కసారిగా పెరిగింది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర మరో వాహనాన్ని దాటబోయి కల్వర్టుకు గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. 45 మంది సజీవ దహనమయ్యారు. ప్రయాణికుల బస్సు వేగం గురించి తెలుగు నేల మీద అంత తీవ్రంగా చర్చ జరిగింది ఆ తర్వాతే.

2015 ఏప్రిల్ 15న కేంద్రం 118వ నియమాన్ని మార్చింది. ఆ అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్ల తాళం తప్పనిసరి. స్కూలు బస్సులు, డంపర్లు, ట్యాంకర్లు, ప్రమాదకర సరుకు మోసే బండ్లకు 60. తర్వాత ఎల్లో ప్లేట్ ట్యాక్సీలూ ఈ పరిధిలోకి వచ్చాయి. ఎల్బీ నగర్‌లో ఎక్కిన క్యాబ్ సూర్యాపేట దాటినా 80 దగ్గరే ఎందుకు నిలిచిపోతుందో చాలామంది ప్రయాణికులకు తెలియదు, డ్రైవర్‌ను తొందరపెడుతూనే ఉంటారు.

అప్పటికి గుండ్లు, కడ్డీలు పోయి తీగలు వచ్చాయి. కొత్త బండ్లలో పెడల్‌కూ ఇంజిన్‌కూ నేరుగా సంబంధం లేదు. కాలు ఎంత నొక్కిందో ఒక సెన్సర్ చెబుతుంది, బండి ఎంత వేగంగా పోతోందో మరొకటి చెబుతుంది, రెంటినీ చూసి ఇంజిన్ కంప్యూటర్ ఇంధనం వదులుతుంది. 80 దగ్గరపడగానే పెడల్ మాట వినడం మానేస్తుంది. బ్రేకు మాత్రం వేయదు, కాబట్టి పల్లంలో బండి తనంతట తాను హద్దు దాటగలదు. పాత బండ్లకు విడిగా ఒక పెట్టె బిగించారు. బలహీనత అక్కడే ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఫిట్‌నెస్ రోజున పనిచేసిన పెట్టె తీగ మర్నాడు ఊడదీస్తే ఎవరికి తెలుస్తుంది? సీసం సీలు తెగితే కంటికి కనబడేది. తీగ ఊడితే కనబడదు.

సొంత కార్ల సంగతి వేరు. జర్మన్ కంపెనీలు 1980ల చివర్లో తమలో తాము అనుకుని చాలా కార్లను 250 దగ్గర ఆపాయి. జపాన్ కంపెనీలు 180 అన్నాయి. వోల్వో 2020లో తన కార్లన్నింటికీ 180 పెట్టింది. మన దేశంలో 2019 జులై 1 నుంచి ప్రతి కొత్త కారూ 80 దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగాలి. ఆ మోతతో విసిగిపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మాత్రం దాన్ని సమర్థిస్తాను, అయితే దాని హద్దు ఎక్కడిదో గమనించాలి. మొదటి మోత 80 దగ్గర. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎక్కడైనా 80 అంటే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టే.

ఎందుకో లెక్క చూద్దాం. పొడి రోడ్డు, మంచి టైర్లు, ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒక్క సెకను. 60లో ఉన్న కారు సుమారు 36 మీటర్లలో ఆగుతుంది. 80లో ఉన్న కారుకు 57 మీటర్లు కావాలి. మొదటి కారు పూర్తిగా ఆగిన చోటుకు వచ్చేసరికి, రెండో కారు ఇంకా గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో ఉంటుంది. స్పీడోమీటర్ మీద ఇరవై అంకెల తేడా, రోడ్డు దాటుతున్న కోచింగ్ సెంటర్ పిల్లకు చావుబతుకుల తేడా.

‘వేగం కాదు, చేతకాని డ్రైవింగే ప్రమాదం’ అనే వాదన తరచూ వింటాం. అందులో నిజం ఉంది. నాగోలు ట్రాక్ మీద మనవాళ్ళు ఎనిమిది అంకె తిప్పి, హెచ్ ఆకారంలో వెనక్కి నడిపి లైసెన్స్ తెచ్చుకుంటారు. 100లో పోతూ వరుస మారడం, ముందు బండికి ఎంత దూరం వదలాలి, వానలో ఎంత తగ్గాలి అన్నవి ఎవరూ పరీక్షించరు. కానీ అనుభవం ఉంటే చాలన్న ధీమాకు ఈ రోడ్లే జవాబు చెప్పాయి. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర స్వయంగా కారు నడుపుతూ నందమూరి హరికృష్ణ కన్నుమూశారు. తండ్రి ఎన్టీఆర్ ప్రచార యాత్రల్లో చైతన్యరథాన్ని నడిపిన మనిషి ఆయన. స్టీరింగ్ ఆయనకు కొత్త కాదు. సీటు బెల్టు మాత్రం ఆ రోజు పెట్టుకోలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 డిసెంబరులో, ఇదే విజయవాడ హైవే మీద ఆకుపాముల దగ్గర ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన పెద్ద కొడుకు జానకీరామ్ పోయారు. ఇప్పటి రోడ్లు, భవనాల మంత్రి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి కొడుకు ప్రతీక్ 2011లో ఔటర్ మీద ప్రాణాలు కోల్పోయాడు. ట్రాక్టర్లు, పొలాల నుంచి వచ్చే బైకులు, డివైడర్ సందుల్లో రోడ్డు దాటే మనుషులు ఉన్న హైవే మీద, ఎదుటివాడు చేసే తప్పును మన నేర్పు సరిదిద్దలేదు. ఆ తప్పుకు స్పందించే వ్యవధిని మిగిల్చేది తక్కువ వేగం ఒక్కటే.

తాళం కొత్త చిక్కునూ తెచ్చింది. 80 తాళం ఉన్న లారీ 76లో పోయే మరో లారీని దాటాలంటే సుమారు నిమిషం, ఒక కిలోమీటరు పైన పడుతుంది. ఆ నిమిషం పాటు కుడి వరుస మూసుకుపోతుంది, వెనక 130లో వచ్చే కారు దీపాలు కొడుతూ ఎడమ నుంచి దూరుతుంది. అక్కడ అసలు ప్రమాదం రెండు బండ్ల వేగాల మధ్య తేడాలో ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ మీద పరిమితి మొదట 120, తర్వాత 100, మళ్ళీ 2023లో 120. వరుసను బట్టి వేర్వేరు వేగాలు పెట్టడం అక్కడ జరిగిన మంచి పని. హైవే మీద అలాంటి విభజన జరగలేదు.

ఒకే అంకె దగ్గర ఆగే తాళానికి తన బండి తెలుసు, రోడ్డు తెలియదు. రోడ్డు తెలిసిన తాళం దిల్‌సుఖ్‌నగర్ వాసుల తల మీదుగానే రోజూ పరుగెడుతోంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీ నగర్ మెట్రో మొదలైంది. ఆ రైలు అత్యధిక వేగం 80, కానీ ప్రతి మలుపు దగ్గరా ప్రతి స్టేషన్ ముందూ దాని హద్దు మారుతూ ఉంటుంది. రైలుకూ నియంత్రణ కేంద్రానికీ నిరంతరం సంకేతాలు నడుస్తుంటాయి. హద్దు మీరితే యంత్రమే బ్రేకు వేస్తుంది. మలుపులో అతివేగంగా పోయే స్వేచ్ఛ డ్రైవర్‌కు లేదని ఏ ప్రయాణికుడూ ఫిర్యాదు చేయడు. అదే ప్రయాణికుడు మెట్రో దిగి, పార్కింగ్‌లోంచి కారు తీశాక మాత్రం ఆ స్వేచ్ఛను హక్కు అనుకుంటాడు.

కార్లలో ఆ ఆలోచనను స్వీడన్ 1999 నుంచి మూడేళ్ళు లుండ్, ఉమియో వంటి ఊళ్ళలో పరీక్షించింది. యూరోపియన్ యూనియన్‌లో 2022 జులై నుంచి కొత్త మోడళ్ళకు, 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ అలా రోడ్డును బట్టి హద్దు చెప్పే పరికరం తప్పనిసరి అయింది. కెమెరా రోడ్డు పక్క బోర్డును చదువుతుంది, మ్యాపు ఆ చోటి పరిమితి చెబుతుంది, కారు డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది లేదా పెడల్‌ను మెత్తగా వెనక్కి తోస్తుంది. గట్టిగా తొక్కితే లొంగుతుంది కూడా.

దాన్ని ఇవాళ తెచ్చి ఎల్బీ నగర్‌లో పెడితే ఏమవుతుంది? చదవడానికి బోర్డు ఉండాలి. పెద్ద అంబర్‌పేట దగ్గర 120 రోడ్డు దిగినవాడు హయత్‌నగర్ చేరేలోపు 60కి రావాలంటే, మధ్యలో ఎక్కడ 100, ఎక్కడ 80 అన్నది వరుసగా రాసి ఉండాలి. ఫ్లైఓవర్ పైన ఒకటి, దాని కింద కూడలికి మరొకటి ఉండాలి. ఆ అంకెలు పోలీసుల దగ్గర, రవాణా శాఖ దగ్గర, జాతీయ రహదారుల సంస్థ దగ్గర ఒకేలా ఉండాలి, అందరూ వాడుకునే మ్యాపులోకి చేరాలి. దీనికి కొత్త సాంకేతికత అవసరం లేదు. రంగు, రేకు, స్తంభం, మూడు శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చునే ఓపిక చాలు. అది అయ్యేదాకా చాలా కొత్త కార్లలో వేగ హెచ్చరికను మనమే పెట్టుకునే వీలుంది. విజయవాడ నుంచి వచ్చేవాళ్ళు పెద్ద అంబర్‌పేటలో దాన్ని 60కి మార్చుకుని ఊళ్ళోకి రావచ్చు.